రోబోటిక్స్ జట్టుకు పేరు మార్పు అవసరమా: ఒడిశా సరిహద్దు బడుల నుంచి ఒక పరిశీలన

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో బడిపిల్లల రోబోటిక్స్ జట్లు ఈమధ్య కాలంలో పుట్టుకొచ్చినవి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ ఎంపికైన ప్రతి బడికీ 20 లక్షల రూపాయల వరకు ఇచ్చి, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే పిల్లల కోసం టింకరింగ్ ల్యాబులు పెట్టించింది. అంతవరకు సైన్సు ఫెయిర్‌లో థర్మకోల్ నమూనాలతో సరిపెట్టుకున్న బడుల్లోకి కూడా దానితో మోటార్లు, సెన్సర్లు, మైక్రోకంట్రోలర్ బోర్డులు, 3డి ప్రింటర్లు వచ్చాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50,000 ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు కాబట్టి ఈ జట్ల సంఖ్య ఇంకా పెరగడమే గాని తగ్గడం ఉండదు. ల్యాబు వచ్చినచోట జట్టు ఏర్పడుతుంది, జట్టుకు ఏదో ఒక పేరు పెడతారు, ఆ పేరు పెట్టిన పిల్లలు మూడు నాలుగేళ్లలో ప్లస్ టూ ముగించుకుని వెళ్లిపోతారు. ఆ తర్వాత వచ్చిన పిల్లలకు ఆ పేరు నచ్చకపోయినా, నప్పకపోయినా, మార్చాలా వద్దా అన్న ప్రశ్న ల్యాబు బల్ల మీదికి వస్తుంది.

చూడటానికి ఇది చిన్న విషయమే. అయినా పోటీకి నెల రోజులు కూడా లేనప్పుడు రోబో చట్రం (చాసిస్) విప్పి పెట్టుకుని, ప్రోగ్రాం సగంలో ఆపుకుని, పేరు మీద సాయంత్రాలకు సాయంత్రాలు వాదించుకునే జట్లకు ఇది చిన్నదిగా తోచదు. అందులోనూ ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా, సవర, కుయి మాట్లాడే ఇళ్ల పిల్లలు కలిసి కూర్చునే సరిహద్దు జిల్లాల్లో, పేరు ఎవరి పక్షాన నిలుస్తుందన్న అనుమానం ఏ వాదంలోనైనా పైకి చెప్పకుండానే ఉంటుంది. కనుక ఏ కారణానికి మార్చవచ్చు, ఏ కారణానికి మార్చనక్కరలేదు అన్నది ముందుగా తేల్చుకోవడం మంచిది. ఈ వ్యాసం వాదించేది ఇది: జట్టులో ఇప్పుడున్నవారిలోగాని, రేపు చేరదగినవారిలోగాని, ఎవరైనా ఆ పేరు కింద తమదే అన్నట్టు నిలబడలేకపోతే పేరు మార్చాలి. చట్టపరమైన చిక్కు ఉంటే ఎలాగూ తప్పదు. తక్కిన కారణాల్లో చాలావాటికి పేరుతో సంబంధం లేదు.

పేరు మారిస్తే జట్టు చరిత్ర పోతుందన్నది మొదట వినిపించే అభ్యంతరం. అందులో ఎంత నిజముందో ఆ జట్టు ఏ పోటీల్లో ఆడుతుందన్న దాన్నిబట్టి చెప్పాలి. 1989లో డీన్ కామెన్ అమెరికాలో స్థాపించిన ఫస్ట్ సంస్థ నడిపే పోటీల్లో, మన దేశంలో కూడా జరిగే ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌తో సహా, నమోదైన ప్రతి జట్టుకూ ఒక సంఖ్య కేటాయిస్తారు. ఏటేటా పిల్లలు మారినా, పేరు మారినా ఆ సంఖ్య మారదు. రోబో ఒంటి మీద కనబడి తీరవలసింది ఆ సంఖ్యే. మ్యాచ్ షెడ్యూలులోనూ ర్యాంకుల పట్టికలోనూ జట్టును గుర్తించేది కూడా దానితోనే. బడిపిల్లలే ఆడే మరో రకం రోబో పోటీలైన వెక్స్ పోటీల్లో సంఖ్య పక్కన ఒక అక్షరం కూడా చేరుతుంది గనుక ఒకే బడి నుంచి వచ్చిన రెండు మూడు జట్లను అలా వేరుచేస్తారు. ఇటువంటి పోటీల్లో ఆడే జట్టు పేరు మార్చుకున్నా పాత ఫలితాలు చెక్కుచెదరవు. న్యాయనిర్ణేత సంఖ్య చూస్తే ఐదేళ్ల కిందటి రికార్డు కూడా దొరుకుతుంది.

వరల్డ్ రోబో ఒలింపియాడ్ సంగతి వేరు. ఇద్దరో ముగ్గురో విద్యార్థులు, ఒక కోచ్ కలిసి ఏ ఏటికాయేడు కొత్తగా నమోదు చేసుకునే ఆ పోటీలో ఒక సంవత్సరాన్ని మరో సంవత్సరంతో కలిపేది బడి పేరు, జట్టు పేరు, అంతే. ఇంజనీరింగ్ కళాశాలలు ఆడే రోబోకాన్‌లో కళాశాల పేరే జట్టు పేరును మింగేస్తుంది. అక్కడ ముద్దుపేరు ఏదైనా పెద్దగా పట్టించుకునేవారు ఉండరు. కాబట్టి చరిత్ర పోతుందన్న భయం ఒలింపియాడ్ తరహా పోటీల్లో కొంత సహేతుకం, ఫస్ట్, వెక్స్ తరహా పోటీల్లో దాదాపు నిరాధారం. ఆ మాటకొస్తే పోటీలు కూడా తమ పేర్లు మార్చుకున్నాయి. నేటి ఫస్ట్ టెక్ ఛాలెంజ్ 2005లో ఫస్ట్ వెక్స్ ఛాలెంజ్ పేరుతో మొదలై 2007లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో అన్నిటికన్నా గౌరవమైనదిగా ఎంచే ఛైర్మన్స్ అవార్డును 2023 సీజన్ నుంచి ఇంపాక్ట్ అవార్డు అంటున్నారు. పాత పేరుతో ఆ అవార్డు అందుకున్న జట్ల గౌరవం దీనివల్ల వీసమెత్తు తగ్గలేదు.

పేరు మార్చాలన్న కోరిక చాలాసార్లు ఓటమి వెంట వస్తుంది. పేరులో ఒక అక్షరం కలిపితేనో తీసేస్తేనో కలిసొస్తుందన్న న్యూమరాలజీ నమ్మకం దుకాణాల బోర్డుల మీద, సినిమావాళ్ల పేర్ల స్పెల్లింగుల్లో ఎంతగా స్థిరపడిందంటే, బ్యాటరీ ఓల్టేజీ మల్టీమీటరుతో కొలిచి చూసుకునే పిల్లలు కూడా దాన్ని కొట్టిపారేయలేకపోతున్నారు. క్రికెట్ నుంచి ఉదాహరణలు తెస్తారు. ఢిల్లీ డేర్‌డెవిల్స్ 2018 డిసెంబరులో ఢిల్లీ క్యాపిటల్స్‌గా మారి 2020లో ఫైనల్ ఆడింది కదా అంటారు. పేరు మారిన ఆ రోజుల్లోనే యాజమాన్యం, ఆటగాళ్లు, శిక్షకులు కూడా మారిన సంగతి చెప్పరు. రాయల్ ఛాలెంజర్స్ బెంగళూరు ఉదాహరణ ఇంకా వినోదంగా ఉంటుంది. ఆ సంస్థ 2024 మార్చిలో ఇంగ్లిషులో రాసే ఊరి పేరును బెంగళూరుగా సరిదిద్దుకుంది, 2025లో పురుషుల జట్టు తొలిసారి కప్పు గెలిచింది. అయితే పేరు మారిన మొదటి సీజన్‌లో ఆ జట్టు ఎలిమినేటర్‌లోనే ఇంటిదారి పట్టింది, మహిళల జట్టేమో పేరు మారడానికి రెండు రోజుల ముందు పాత పేరు మీదే కప్పు ఎత్తింది.

రోబో ఎందుకు ఓడిందో పేరులో వెతకనక్కరలేదు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ మ్యాచ్‌లో మొదటి 30 సెకన్లు రోబో తనంతట తాను ప్రోగ్రాం ప్రకారం కదలాలి, తర్వాతి రెండు నిమిషాలు పిల్లలు కంట్రోలరుతో నడుపుతారు. ఆ 30 సెకన్లలో రోబో గోడకు గుద్దుకుని ఆగిపోయిందంటే మైదానం మీద సరిపడా పరీక్షలు జరపలేదని అర్థం. రెండు నిమిషాల మధ్యలో ఉన్నట్టుండి చచ్చుబడిందంటే బ్యాటరీ కనెక్టరో, మోటారు తీగో వదులై ఉంటుంది. ఓడిన వారంలో పేరు మార్పు తీర్మానం పెట్టే జట్టుకు కోచ్ చేయగలిగిన మేలు ఏమిటంటే, ఆ తీర్మానాన్ని వచ్చే సీజన్ మొదలయ్యే దాకా వాయిదా వేసి, ముందు తీగలు సరిచూడమనడం. కొత్త సీనియర్లకు పాత సీనియర్ల అభిరుచి నచ్చలేదన్న కారణాన్ని కూడా ఇదే గాటన కట్టవచ్చు. అమెరికాలో 254 సంఖ్యతో ఆడే కాలిఫోర్నియా జట్టు పేరు ఛీజీ పూఫ్స్, అంటే ఒక రకం చిరుతిండి పేరు. హాస్యానికి పెట్టుకున్న ఆ పేరుతోనే వాళ్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్పులు పలుమార్లు గెలిచారు. పేరు కాస్త పిల్లచేష్టలా ఉండటం మార్చడానికి తగిన కారణం కాదు. పిల్లల జట్టుకు పిల్లల పేరు ఉంటే తప్పేమిటి?

సరిహద్దు జిల్లాల్లో అసలు చర్చ భాష దగ్గర మొదలవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే వరకు గంజాం, జయపురం ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. బరంపురంలో వి.వి. గిరి పుట్టడం, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకు వారి మాటల్లోనే పాఠాలు రాయడం ఆ కాలపు సంగతులు. నేటికీ ఆ ఊళ్ల బజార్లలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. అందువల్ల జట్టు కట్టిన తొలి పిల్లల్లో తెలుగు ఇళ్లవారు ఎక్కువగా ఉంటే తెలుగు పేరు పెట్టడం సహజం. ఆ తర్వాత ఒడియా ఇళ్ల పిల్లలు, సవర పిల్లలు చేరతారు, జట్టులో పాళ్లు మారతాయి, పేరు మాత్రం మొదటి పిల్లల ఇంటిభాషలోనే ఉండిపోతుంది.

పేరు తెలుగులో ఉండటమే దోషమని ఇక్కడ అనడం లేదు. ఉదాహరణకు ఒక జట్టు వజ్రాయుధం అని పెట్టుకుందనుకుందాం. ఒడియాలో వ, బ రెంటికీ వాడుకలో ఒకే అక్షరం నడుస్తుంది కాబట్టి ఒడియా పిల్లవాడు దాన్ని బజ్రాయుధ అంటాడు, చివరి సున్నా అతనికి అక్కరలేదు. భువనేశ్వర్‌లో పోటీ నిర్వాహకుడు మైకు ముందు నిలబడి ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్న జాబితాను చదువుతూ ఆ పేరును మూడో రకంగా పలుకుతాడు. పిలిచింది తమనేనా అని పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇది ఇబ్బందే, కాని మామూలు ఇబ్బంది, నవ్వుకుని వదిలేయదగినది. సంస్కృత మూలం ఇద్దరికీ ఉంది, కథ ఇద్దరికీ తెలుసు, పలికే తీరు మాత్రమే వేరు. ఇటువంటి పేరు విషయంలో మార్పు కన్నా ఇంగ్లిషు స్పెల్లింగ్ ఒకటి ఖాయం చేసుకోవడం ముఖ్యం. నమోదు పత్రంలో ఒక స్పెల్లింగ్, చొక్కా మీద మరొకటి, ధ్రువపత్రంలో ఇంకొకటి పడితే తర్వాత కళాశాల ప్రవేశాల వేళ ఆ కాగితం పట్టుకుని తిరిగే పిల్లలకే కష్టం.

ఆంధ్ర అన్న మాటో, తెలుగు అన్న మాటో జట్టు పేరులో భాగంగా ఉన్నప్పుడు విషయం వేరే అవుతుంది. బరంపురంలోనో రాయగడలోనో తెలుగువారు ఒక సాంస్కృతిక సంఘం పెట్టుకుని దానికి ఆంధ్ర అన్న పేరు తగిలించుకుంటే అందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. ఆ సంఘం ఎవరికోసం ఉందో వారి పేరే పెట్టుకుంది. బడి జట్టు అలా కాదు. అది బడిలో చదివే ప్రతి పిల్లవాడికీ, పిల్లకూ తలుపు తెరిచి ఉంచవలసినది, పైగా ప్రభుత్వ నిధులతో వచ్చిన ల్యాబులో నడిచేది. తొమ్మిదో తరగతి ఒడియా అమ్మాయి సోల్డరింగ్ బాగా చేస్తుందని సీనియర్లు పిలిచినప్పుడు, చొక్కా మీద ఆ మాట చూసి "ఇది మీవాళ్ల జట్టు కదా" అని వెనక్కి తగ్గితే, జట్టు ఒక మంచి చేతిని పోగొట్టుకున్నట్టే. ఆమె ఆ మాట పైకి అనకపోవచ్చు కూడా. చేరకుండా ఉండిపోతుంది, అంతే. అందుకే ఇటువంటి పేరు విషయంలో ఫిర్యాదు వచ్చిందా లేదా అన్నదాన్ని కొలబద్దగా తీసుకోకూడదు. ఫిర్యాదు చేయవలసినవారు జట్టు బయటే ఉంటారు. అటువంటి పేరును మార్చాలన్నదే ఇక్కడి అభిప్రాయం, అదీ తెలుగు పిల్లలే ముందుగా ప్రతిపాదిస్తే అందం. ఒడియా పిల్లలు అధికసంఖ్యలో ఉన్న బడిలో ఉత్కళ, కళింగ అన్న పేర్లకూ ఇదే పరీక్ష పెట్టాలి. కళింగ ఈ పరీక్షలో కొంత గట్టెక్కుతుంది, ఎందుకంటే శ్రీకాకుళం నుంచి గంజాం దాకా ఉన్నవారంతా దాన్ని తమదిగానే చెప్పుకుంటారు.

ఇటువంటి చిక్కులకు దూరంగా ఉండాలంటే నదుల పేర్లు పెట్టుకుంటే పోదా అని చాలామందికి తోస్తుంది. తోచడం మంచిదే. కలహండి ప్రాంతంలో పుట్టిన నాగావళి రాయగడ మీదుగా పార్వతీపురం వైపు దిగి శ్రీకాకుళం దగ్గర సముద్రంలో కలుస్తుంది. రెండు రాష్ట్రాల పిల్లలూ తమ నది అనుకోగల పేరు అది. చివరి ళకారం ఒడియాలోనూ ఉంది కాబట్టి పలకడంలో పేచీ రాదు, హిందీ వ్యాఖ్యాత మాత్రం నాగావలి అంటాడు. వంశధార విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. గుణుపురం మీదుగా పారే ఆ నదిని ఒడియావారు బంశధార అంటారు, ఇంగ్లిషు కాగితాల్లో రెండు మూడు స్పెల్లింగులు నడుస్తాయి. పైగా ఆ నది మీది నేరడి బ్యారేజీ వ్యవహారంలో రెండు రాష్ట్రాలు తగవు పడగా 2010లో ట్రైబ్యునల్ ఏర్పడి 2017లో గాని తుది తీర్పు రాలేదు. పేరు వాడకూడదని దీని అర్థం కాదు. స్థానిక విలేకరి ఎవరైనా జట్టు ఫొటో తీసుకుంటూ పిల్లలను దాని గురించి అడిగితే ఏం చెప్పాలో ముందే అనుకుని ఉండాలి.

మహేంద్రగిరి ఇంకో రకం చిక్కు. గజపతి జిల్లాలోని ఆ కొండకు పరశురాముడి గాథ ఉంది, భీముడి పేరిట, కుంతి పేరిట గుళ్లు ఉన్నాయి, పర్లాకిమిడి పిల్లలకు అంతకన్నా దగ్గరి పేరు దొరకదు. కాని తమిళనాడులో ఇదే పేరుగల మరో కొండ దగ్గర ఇస్రో రాకెట్ ఇంజన్లు పరీక్షించే ప్రొపల్షన్ కాంప్లెక్స్ ఉంది. రోబోటిక్స్ అన్న మాటతో కలిపి మహేంద్రగిరి అని వెతికినవారికి ముందుగా కనబడేది ఇస్రోయే అవుతుంది. ప్రాయోజకుడు జట్టు గురించి తెలుసుకుందామని వెతికి రాకెట్ల సమాచారంలో పడితే, ఆ జట్టు ఉందో లేదో కూడా అతనికి తెలియకుండా పోతుంది. ఊరి పేరో బడి పేరో ముందు చేర్చుకుంటే ఈ చిక్కు తీరుతుంది గనుక దీనికి పూర్తి మార్పు అక్కరలేదు.

ఆదివాసుల పేర్లను వాడుకోవడం వీటన్నిటికన్నా తీవ్రమైన విషయం. కోరాపుట్, మల్కాన్‌గిరి, రాయగడ జిల్లాల్లో బొండా, డొంగ్రియా కోంధు, సవర వంటి జాతులున్నాయి. విల్లంబులు పట్టిన వీరుల బొమ్మతో ఆ జాతుల్లో ఒకదాని పేరు పెట్టుకోవడం ఆదివాసులు కాని పిల్లలకు ఉత్సాహంగా తోచవచ్చు. అమెరికాలో వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు ఇటువంటి పేరునే దశాబ్దాల తరబడి అంటిపెట్టుకుని, ఆదివాసుల నిరసనను ఏళ్లకొద్దీ తోసిపుచ్చి, 2020లో తప్పనిసరై వదులుకుంది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు కూడా 2021 సీజన్ తర్వాత తన పాత పేరు విడిచిపెట్టి గార్డియన్స్ అయింది. ఆ పేర్లను సమర్థించినవారు చెప్పిన మాట, అది గౌరవంతో పెట్టిందే అని. గౌరవం సంగతి ఎవరి పేరు తీసుకున్నారో వారు తేల్చవలసినది. జట్టులో ఆ జాతి పిల్లలే ఉండి, తమంతట తాము ఆ పేరు కోరుకుంటే చర్చ అక్కడితో ముగుస్తుంది. లేనప్పుడు ఆ పేరు వెంటనే, సీజన్ మధ్యలోనైనా సరే, తీసేయాలి. వాయిదా వేయమని సలహా ఇవ్వలేని కారణం ఇదొక్కటే.

కొండల పేర్లలో కూడా ఈ పట్టింపు ఉంటుంది. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న నియమగిరి డొంగ్రియా కోంధులకు దైవస్థానం. ఆ కొండలో బాక్సైట్ తవ్వకంపై నిర్ణయాన్ని గ్రామసభలకు వదలాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పగా, ఆ ఏడాదే జరిగిన 12 గ్రామసభలూ తవ్వకానికి ఒప్పుకోలేదు. ఈ నేపథ్యం తెలియని పిల్లలు అందమైన కొండ కదా అని ఆ పేరు పెట్టుకుని, మరుసటి నెలలో అల్యూమినియం పరిశ్రమ దగ్గరికి విరాళం కోసం వెళ్లారనుకుందాం. పరిశ్రమవారు ఆ పేరు చూసి ఇబ్బంది పడతారు. విరాళం ఇచ్చినా, పరిశ్రమ గుర్తు పక్కన ఆ పేరున్న చొక్కా చూసి కొండ పల్లెల పిల్లలు నొచ్చుకుంటారు. జట్టు ఏ పక్షాన్నీ ఉద్దేశించకపోయినా రెండు పక్షాలకూ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

విరాళాల మాట వచ్చింది గనుక అది కూడా చూడాలి. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉన్న ప్రాంతంలో పిల్లల జట్లు ఇటువంటి సాయం ఆశించడం సబబే. సాయం చేసేవారు తమ పేరు జట్టు పేరులో ఉండాలని కోరితే ఏం చేయాలన్నదానికి అమెరికా జట్లు పాటించే పద్ధతి ఒకటి ఉంది. ఫస్ట్ రోబోటిక్స్ పోటీలో జట్టుకు రెండు పేర్లుంటాయి: ప్రాయోజకులందరి పేర్లూ, చివర బడి పేరూ వరసగా చేరిన పొడుగాటి అధికార నామం ఒకటి, పిలుచుకునే పొట్టి పేరు ఒకటి. ప్రాయోజకుడు వస్తే పొడుగు పేరులో చేరతాడు, పోతే తొలగిపోతాడు, పొట్టి పేరును ఎవరూ ముట్టుకోరు. మన బడులు కూడా దీన్నే పాటిస్తే డబ్బు కోసం పేరు మార్చుకునే అగత్యం రాదు. అసలు ల్యాబు గ్రాంటు వచ్చేది బడి ఖాతాకు గాని జట్టు పేరు మీద కాదు కాబట్టి, పేరు మారిస్తే నిధులు ఆగిపోతాయన్న బెదిరింపు కూడా వట్టిదే.

ట్రేడ్‌మార్కుల విషయం త్వరగా చెప్పుకోవచ్చు. లెగో వంటి నమోదైన వ్యాపార నామాన్ని, సినిమా రోబో పేరును, అనుమతి లేకుండా జట్టు పేరులో ఇరికించుకున్నవారు ఎవరూ అడగకముందే మార్చుకోవాలి. జట్టు చిన్నదిగా ఉన్నంతకాలం ఎవరూ అడగరు, రాష్ట్రం దాటి ఆడేనాటికి అడుగుతారు, అప్పటికి ఆ పేరు మీద చొక్కాలు, బ్యానర్లు, వీడియోలు చాలా పోగుపడి ఉంటాయి. బాయ్స్ అన్న మాట పేరులో ఉండి జట్టులో అమ్మాయిలు ఉన్న చోట కూడా మార్చడానికి సంకోచించవలసినది ఏమీ లేదు.

మార్చాలని నిర్ణయమైన తర్వాత ఎలా మార్చాలన్నదానిలో ఈ ప్రాంతపు అనుభవమే పాఠాలు చెబుతుంది. బరంపురానికి అధికారిక నామం బ్రహ్మపుర్; రైల్వే స్టేషన్ బోర్డు మీద అదే ఉంది. 1967లో స్థాపించిన విశ్వవిద్యాలయం మాత్రం నేటికీ బెర్హంపూర్ విశ్వవిద్యాలయమే, తెలుగువారి నోట ఊరు బరంపురమే. రాష్ట్రం పేరు ఒరిస్సా నుంచి ఒడిశాగా 2011 నవంబరు 1 నుంచి మారినా, కటక్‌లోని హైకోర్టు ఒరిస్సా హైకోర్టుగానే కొనసాగుతోంది. పాత పేరూ కొత్త పేరూ ఏళ్ల తరబడి పక్కపక్కనే నడిచినా జనం తికమకపడలేదు. జట్టు కూడా మొదటి సీజన్‌లో కొత్త పేరు కింద చిన్న అక్షరాలతో పాత పేరు వేసుకుంటే సరిపోతుంది. వాషింగ్టన్ జట్టులా పాత పేరు తీసేసి, కొత్తది దొరక్క, రెండు సీజన్లు ఊరి పేరుతో ఫుట్‌బాల్ జట్టు అని మాత్రమే పిలిపించుకోవడం డబ్బున్నవారికి చెల్లింది. పిల్లల జట్టు కొత్త పేరు తేల్చుకున్నాకే పాతది వదలాలి. వీలైతే మొదటి అక్షరాలు నిలిచేలా కొత్త పేరు వెతుక్కోవడం లాభం. బెంగళూరు క్రికెట్ జట్టుకు ఊరి పేరు మారినా ఆర్‌సీబీ అన్న పొట్టి పేరు చెక్కుచెదరలేదు.

కాగితాల పని విసుగ్గా ఉంటుంది గాని తప్పదు. పోటీ నమోదు ఖాతాలో పేరు మార్చడం సీజన్ మొదలుకాక ముందే జరగాలి. ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ ఖాతాలు కొత్తవి తెరవకుండా ఉన్నవాటికే పేరు మార్చాలి. కొత్తవి తెరిస్తే పాత వీడియోలు, అనుచరులు వెనక ఉండిపోతారు, పాస్‌వర్డు తెలిసిన సీనియరు అప్పటికే రూర్కెలాలోనో విశాఖపట్నంలోనో చదువుకుంటూ ఉంటాడు. పాత పేరుతో ధ్రువపత్రాలు పొందిన పిల్లలందరికీ, రెండు పేర్లూ ఒకే జట్టువేనని ప్రధానోపాధ్యాయుల సంతకంతో ఒక లేఖ ఇవ్వాలి. న్యాయనిర్ణేతలకు ఇచ్చే ఇంజనీరింగ్ పోర్ట్‌ఫోలియోలో ఈ సంగతి ఒక వాక్యంలో రాస్తే చాలు. ఫస్ట్ టెక్ ఛాలెంజ్‌లో ఆ పోర్ట్‌ఫోలియో, అట్టపేజీ కాక, 15 పేజీలు మించకూడదు. పేరు కథకు పేజీ కేటాయిస్తే గేరు నిష్పత్తుల లెక్కకు చోటు తగ్గుతుంది. చొక్కాలను ఆ ఏడాదికి అలాగే వాడుకుని, వీపున సంఖ్య మాత్రం పెద్దదిగా వేయించుకోవచ్చు.

ఎవరు నిర్ణయించాలన్నది చివరి చిక్కు. వెళ్లిపోయిన సీనియర్ల మాట వినాలి, కాని వారికి ఓటు ఉండకూడదు, ఎందుకంటే ఆ పేరు మోయవలసినవారు వారు కారు. కోచ్‌కు ఓటు అక్కరలేదు. చట్టపరంగానో మర్యాదపరంగానో కుదరని పేరును అడ్డుకునే అధికారం ఉంటే చాలు. మిగిలిన పిల్లలు చీటీల మీద రాసి డబ్బాలో వేయాలి, చేతులెత్తించే పద్ధతి వద్దు. పదకొండో తరగతి అన్నయ్య ఎదురుగా చేయి ఎత్తడానికి, ఎత్తకపోవడానికి ఏడో తరగతి పిల్లలకు ధైర్యం చాలదు, జట్టులో ఒకరిద్దరే ఉన్న సవర, కుయి ఇళ్ల పిల్లలకు అసలే చాలదు. చీటీలో పేరుతో పాటు, ఇప్పటి పేరుతో తమకు ఏమైనా ఇబ్బంది ఉందా అన్న ప్రశ్నకు జవాబు కూడా రాయమనాలి. ఓట్ల లెక్కలో పాత పేరే నెగ్గినా, ఆ జవాబుల్లో ఒక్క చీటీ ఇబ్బంది ఉందని సరైన కారణంతో చెబితే దాన్ని మెజారిటీ పేరుతో పక్కన పెట్టకూడదు. అలాంటి చీటీ ఏదీ లేకుండా ఓట్లు సమానంగా చీలితే, ఈ సీజన్‌కు పేరు కదపకుండా ఉంచి, జూన్‌లో కొత్త పిల్లలు చేరాక మళ్లీ అడగాలి. వచ్చే మూడేళ్లు ఆ చొక్కా తొడుక్కునేది వాళ్లే.